కృష్ణజింకను కాపాడింది చట్టమా, ఊరా?

అస్కా దాటి బుగుడ వైపు వెళ్తుంటే బాలిపదర్, భేట్నై ఊళ్ళ చుట్టుపక్కల పొలాల్లో కృష్ణజింకలు గుంపులుగా కనిపిస్తాయి. అక్కడ కంచె ఉండదు, గేటు ఉండదు, టికెట్టూ ఉండదు. ఒక పక్క రైతు తన చేలో పని చేసుకుంటుంటే, ఇంకో పక్క జింకలు మేస్తుంటాయి. బరంపురం నుంచి సెలవు రోజున పిల్లల్ని తీసుకుని చూసి వచ్చే మన కుటుంబాలు చాలానే ఉన్నాయి.

చూసి వచ్చిన పిల్లలు ఒకటే అడుగుతారు: "వీటిని ఎవరూ వేటాడరా?" మనం చెప్పే జవాబూ ఒకటే: "చంపితే జైలే." ఈ జవాబు తప్పు కాదు కానీ సగమే. మిగతా సగం తెలియాలంటే గంజాం జిల్లా లెక్కలు కొంచెం ఓపిగ్గా చూడాలి.

లెక్కలు చెప్పే కథ

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. మరుసటి ఏడాది, 1973లో, కృష్ణజింకల్ని లెక్కపెడితే 523 తేలాయి. పాతికేళ్ళ తర్వాత, 1998లో, ఆ సంఖ్య 551. అంటే కఠినమైన చట్టం పాతికేళ్ళు అమల్లో ఉన్నా పెరిగినవి 28 జింకలే.

ఆ తర్వాత కథ మారింది. 2004లో 786, 2008లో 1,101, 2011లో 2,194, 2015లో 3,806. 2021లో ప్రకటించిన లెక్క ప్రకారం 7,358. అందులో ఆడవి 4,996, మగవి 1,712, పిల్లలు 650.

ఇంకో విషయం చూడండి. పూరీ జిల్లాలో సముద్రం ఒడ్డున బాలుఖండ్-కోణార్క్ అభయారణ్యం ఉంది. 1984లో ప్రకటించారు. అక్కడా ఇదే చట్టం, పైగా అటవీ సిబ్బంది కాపలా. ఒకప్పుడు అక్కడా కృష్ణజింకలు ఉండేవి. 2012-13 తర్వాత ఒక్కటీ కనిపించలేదు. 2024లో నందన్‌కానన్ నుంచి కొన్నిటిని తెచ్చి మళ్ళీ వదిలారు. అభయారణ్యం లేని గంజాం పొలాల్లో వేలకు పెరిగిన జంతువు, అభయారణ్యంలో మాయమైపోయింది. మరి చట్టం చేసిందేమిటి, చెయ్యలేకపోయిందేమిటి?

వేట నియమాలు ఎలా మారాయి

గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. కాబట్టి మన తాతముత్తాతల కాలపు వేట నియమాలు మద్రాసు నుంచే వచ్చేవి. ఆ రోజుల్లో పులినో చిరుతనో చంపి ఆనవాలు చూపిస్తే సర్కారు బహుమానం ఇచ్చేది. ఏనుగు మాత్రం పనికొచ్చే జంతువు కాబట్టి, ఇష్టారాజ్యంగా చంపకుండా 1873లోనే మద్రాసు ప్రభుత్వం ఒక చట్టం చేసింది. జింకలకు అలాంటి రక్షణేమీ లేదు.

1912లో దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. ఫలానా నెలల్లో ఫలానా జంతువును చంపకూడదు, అమ్మకూడదు అని ప్రాంతీయ ప్రభుత్వాలు ప్రకటించవచ్చు. దాని ఉద్దేశం వేటను ఆపడం కాదు, పిల్లల్ని పెట్టే కాలంలో కాస్త విరామం ఇవ్వడం. మిగతా నెలల్లో తుపాకీ ఉన్నవాడిదే రాజ్యం. పంట కాపాడుకోవడానికి చంపితే తప్పు లేదనే మినహాయింపు కూడా అందులో ఉంది. రాత్రిపూట ఎవరు పంట కోసం కాల్చారో, ఎవరు మాంసం కోసం కాల్చారో తేల్చేదెవరు?

1972 చట్టం ఈ పద్ధతిని తలకిందులు చేసింది. కృష్ణజింకను మొదటి షెడ్యూలులో పెట్టింది. అంటే వేటకు కాలం లేదు, లైసెన్సు లేదు. మిగిలిన జంతువుల్లో కొన్నిటికి లైసెన్సు వేట ఇంకొన్నాళ్ళు సాగినా, 1991 సవరణతో అదీ పోయింది. 2022 సవరణ షెడ్యూళ్ళను కుదించింది కానీ కృష్ణజింక మొదటి షెడ్యూలులోనే ఉంది. వేటాడినట్టు రుజువైతే మూడేళ్ళకు తగ్గకుండా, ఏడేళ్ళ దాకా జైలు. జరిమానా కనీసం ₹25,000.

చట్టం ఒక చావును ఆపుతుంది

జంతువుల సంఖ్య బ్యాంకు ఖాతా లాంటిది. వేట అందులోంచి తీసే సొమ్ము. తీయడం ఆపినంత మాత్రాన నిల్వ పెరగదు. జమ కూడా పడాలి. కృష్ణజింక ఈతకు సాధారణంగా ఒక పిల్లనే పెడుతుంది. చూలు సుమారు ఐదారు నెలలు. ఆడజింక బతికి, మేత దొరికి, పిల్ల కుక్కల నోట పడకుండా పెరిగితేనే లెక్క పెరుగుతుంది.

కృష్ణజింక దట్టమైన అడవి జంతువు కాదు. దానికి కావలసింది బయలు, పొట్టి గడ్డి, దూరం దాకా కనపడే నేల. ప్రమాదాన్ని కళ్ళతో పసిగట్టి పరుగుతో తప్పించుకునే జంతువు అది. బాలుఖండ్‌లో ఇసుక మేటల మీద సరుగుడు తోటలు పెరిగాయి, బయలు తగ్గింది, ఊరకుక్కల బెడద, దొంగవేట ఉండనే ఉన్నాయి. బోర్డు మీద అభయారణ్యం అని ఉన్నా, జింకకు కావలసిన నేల అక్కడ మిగల్లేదు. గంజాంలో మాత్రం కోతల తర్వాత ఖాళీ అయిన పొలమే దానికి బయలు అయింది.

వేట నియమాలు పెట్టేవాళ్ళను ప్రపంచమంతా తికమక పెట్టే విషయం ఇదే. అమెరికాలో కూగర్ అనే పెద్దపిల్లి ఉంది. దాన్నే ప్యూమా అనీ, కొండసింహం అనీ అంటారు. కాలిఫోర్నియాలో ఉంటున్న మన పిల్లలు కొందరికి ఇంటి వెనక కొండల్లో అది తిరుగుతోందన్న హెచ్చరికలు అలవాటే. ఆ రాష్ట్రం 1907 నుంచి 1963 దాకా కూగర్‌ను చంపినవాళ్ళకు బహుమానం ఇచ్చింది. 1972లో, అంటే మన చట్టం వచ్చిన ఏడాదే, సరదా వేటను ఆపింది. 1990లో ప్రజల ఓటుతో దాన్ని శాశ్వత నిషేధం చేసింది.

వాషింగ్టన్ రాష్ట్రంలో మాత్రం వేట ఉంది, దానికి పరిమితి ఉంది. అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ళ తరబడి మెడపట్టీలు కట్టి గమనిస్తే ఒక వింత తేలింది. ముదురు మగ కూగర్లను ఎక్కువగా చంపిన చోట, ఖాళీ అయిన జాగాలోకి బయటి నుంచి కుర్ర మగవి వచ్చి చేరాయి. కొత్తగా వచ్చినవి అంతకుముందున్న పిల్లల్ని చంపాయి. పశువుల మీద దాడులు తగ్గుతాయనుకుంటే తగ్గలేదు. దాంతో ఆ రాష్ట్రం ఒక్కో ప్రాంతంలో ఏడాదికి 12 నుంచి 16 శాతం మించి చంపకూడదని పరిమితి పెట్టుకుంది. ఆ జంతువు సహజంగా పెరిగే వేగం దాదాపు అంతే కాబట్టి.

కూగర్ మాంసాహారి, కృష్ణజింక గడ్డి తినేది. రెంటికీ పోలిక లేదు. కానీ పాఠం ఒకటే: ఎన్నిటిని చంపారన్నదొక్కటే కాదు, వేటిని చంపారు, మిగిలినవాటికి జాగా ఉందా, చుట్టూ ఉన్న మనుషులు ఓర్చుకుంటారా అన్నవి కలిస్తేనే సంఖ్య తేలుతుంది.

ఊరు పెట్టుకున్న కట్టుబాటు

భేట్నై ప్రాంతంలో పెద్దలు చెప్పే మాట ఒకటుంది. వందేళ్ళ కిందటో అంతకుముందో పెద్ద కరువు వచ్చిందట. ఆ సమయంలో ఎక్కడినుంచో కృష్ణజింకలు ఊరికి వచ్చాయట, వాటి వెనకే వాన వచ్చిందట. అప్పటి నుంచి జింక చేలో అడుగు పెడితే ఆ ఏడు పంట బాగుంటుందని నమ్మకం. ఒడియాలో 'కృష్ణసార మృగ' అని గౌరవంగా పిలుచుకుంటారు. పంట తిన్నా చంపరు, చంపనివ్వరు. గాయపడిన జింక కనిపిస్తే అటవీ శాఖకు కబురు పెడతారు. వేటగాళ్ళు వస్తే పట్టిస్తారు. ఊళ్ళవాళ్ళే సంరక్షణ కమిటీగా ఏర్పడి కాపలా కాస్తున్నారు.

నమ్మకం పాతదే అయితే 1998 దాకా జింకలు ఎందుకు పెరగలేదని అడగవచ్చు. నమ్మకం ఆ ఊళ్ళ వేటను ఆపగలదు, బయటివాళ్ళ తుపాకీని ఆపలేదు. చట్టం బయటివాణ్ణి శిక్షించగలదు, కానీ రాత్రి పొలంలో జరిగేది దానికి కనిపించదు. ఊరి కన్ను, చట్టం చెయ్యి కలిసి పనిచేసినప్పుడే సంఖ్య కదిలిందని మేము అనుకుంటున్నాం. ఏ ఒక్కటి లేకపోయినా ఏమవుతుందో పూరీ చూపించింది.

భారం మోసేదెవరు

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పుకోవాలి. 500 జింకలు మేస్తే ఓర్చుకోవడం వేరు, 7,000 మేస్తే ఓర్చుకోవడం వేరు. పెసర, మినుము, రాగి, కూరగాయలు వేసే చిన్న రైతుకు నష్టం నిజమైనది.

ఈ విషయంలో చట్టం రైతుకు దారి ఇవ్వలేదు. రెండో షెడ్యూలులో ఉన్న అడవిపంది లాంటివి పంట నాశనం చేస్తే, రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి వేటకు అనుమతి ఇవ్వవచ్చు. కేంద్రం వాటిని కొంతకాలం హానికర జంతువులుగా ప్రకటించనూ వచ్చు. 2016లో బిహార్‌లో అలా ప్రకటించాకే నీల్‌గాయ్‌లను కాల్చడానికి హైదరాబాదు నుంచి షూటర్లు వెళ్ళారు. మొదటి షెడ్యూలు జంతువుకు ఇవేవీ వర్తించవు. మనిషి ప్రాణానికి ముప్పయితేనో, కోలుకోలేని గాయమో రోగమో ఉంటేనో తప్ప కృష్ణజింకను చంపే అనుమతి ఎవరూ ఇవ్వలేరు. కాబట్టి దేశం మొత్తం మెచ్చుకునే జంతువుకు మేత పెట్టేది ఒక్క రైతే.

మన తెలుగు మత్స్యకారుల కథా ఇలాంటిదే. ఆలివ్ రిడ్లే తాబేళ్ళ కోసం ఋషికుల్య మొగ దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా ఏటా నవంబరు 1 నుంచి మే 31 వరకు మోటారు పడవలతో చేపలు పట్టకూడదు. తాబేళ్ళు గుడ్లు పెట్టి వెళ్తాయి. ఆ ఏడు నెలలు ఇల్లు గడిచేదెలాగన్నది గోపాలపురం తీరం వెంట ఉన్న మనవాళ్ళకే తెలుసు. సంరక్షణ వద్దని వాళ్ళూ అనరు, రైతులూ అనరు. భారం పంచుకోమంటారు. పంట నష్టానికి పరిహారం సకాలంలో చేతికి రావాలి. ఆ ఊళ్ళకు వచ్చే సందర్శకుల డబ్బులో కొంత ఆ ఊళ్ళకే చేరాలి. ఓర్పుకు ప్రతిఫలం లేకపోతే, తాత నమ్మకం మనవడి దాకా నిలుస్తుందని ఎవరు చెప్పగలరు?

మన ఇళ్ళలో ఉన్న ముక్క

చివరగా మన గడప లోపలి మాట. ఒడుగుల్లో వటువుకు కృష్ణాజినం ముక్క కట్టడం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న ఆచారం. కృష్ణాజినం అంటే ఈ జింక తోలే. ఇవాళ దాన్ని కొనడం, అమ్మడం, ఎవరికైనా ఇవ్వడం నేరం. పూజా సామాన్ల కొట్లో దొరికింది కదా అన్నది చట్టం ముందు సాకు కాదు. కొనే చెయ్యి ఉన్నంతకాలం ఎక్కడో ఉచ్చు పన్నే చెయ్యి ఉంటుంది.

తాతల నాటి తోలో కొమ్ములో ఇంట్లో ఉంటే, దానికి యాజమాన్య ధ్రువపత్రం ఉందేమో చూసుకోండి. అలాంటివి ప్రకటించుకోవడానికి 2003 ఏప్రిల్ 18 నుంచి 180 రోజుల గడువు ఇచ్చారు, అది ఎప్పుడో ముగిసింది. ధ్రువపత్రం ఉన్న వస్తువు వారసత్వంగా వస్తే 90 రోజుల్లోగా తెలియజేయాలి. కాగితం లేకపోతే దాచిపెట్టకుండా, తెలిసిన వకీలును అడిగి, డివిజనల్ అటవీ అధికారి కార్యాలయంలో చెప్పడం మంచిది. ఒడుగు సంగతి అంటారా, మీ పురోహితుణ్ణి ముందే అడగండి. తోలు బదులు దర్భతోనో వస్త్రంతోనో కానిచ్చే ఇళ్ళు ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కూడా కృష్ణజింకే. అక్కడి చిహ్నం, ఇక్కడి పొలంలో ప్రాణంతో తిరుగుతోంది. ఈసారి భేట్నై వెళ్ళినప్పుడు కారు రోడ్డు మీదే ఆపండి, హారన్ కొట్టకండి, జింకల వెంట పరుగెత్తకుండా పిల్లలకు చెప్పండి. "వేటాడరా?" అని వాళ్ళు అడిగితే, జైలు సంగతితో పాటు, పంట పోయినా రాయి విసరని ఆ రైతు సంగతీ చెప్పండి.