అమరావతి నిర్మాణం - పర్యావరణ, సామాజిక ప్రభావాల నిర్వహణ

కొత్త నగరాన్ని నిర్మించినప్పుడు అక్కడి నేల, నీరు, పంటలు, ప్రజల జీవనోపాధి మార్పునకు లోనవుతాయి. ఈ మార్పులను ముందుగా అంచనా వేయడం, నష్టాన్ని వీలైనంత తగ్గించడం, తప్పని నష్టానికి పరిహారం కల్పించడం - ఈ మూడింటినీ కలిపి ప్రభావాల నిర్వహణ అంటారు. ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి నిర్మాణం ఇందుకు ఒక ముఖ్యమైన ఉదాహరణ. గుంటూరు జిల్లాలోని తుళ్ళూరు, మంగళగిరి, తాడేపల్లి మండలాలలో, కృష్ణా నది కుడి గట్టున, సుమారు 217 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో ఈ నగరాన్ని తలపెట్టారు.

నేపథ్యం

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఆంధ్రప్రదేశ్‌కు కొత్త రాజధాని అవసరమైనది. రాజధాని స్థలాన్ని పరిశీలించుటకు కేంద్ర ప్రభుత్వం నియమించిన శివరామకృష్ణన్ కమిటీ 2014 ఆగస్టులో నివేదిక సమర్పించినది. విజయవాడ - గుంటూరు ప్రాంతంలోని సారవంతమైన వ్యవసాయ భూములలో రాజధానిని కేంద్రీకరించడం మంచిది కాదని, కార్యాలయాలను వివిధ ప్రాంతాలకు వికేంద్రీకరించడం మేలని ఆ కమిటీ అభిప్రాయపడినది. రాష్ట్రానికి నడుమ ఉండటం, నీటి లభ్యత, రవాణా సౌకర్యాలు కారణాలుగా చూపి రాష్ట్ర ప్రభుత్వం 2014 సెప్టెంబరులో విజయవాడ పరిసరాలనే ఎంపిక చేసినది. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు.

నేల, పంటలు

ఈ ప్రాంతపు భూములు ప్రధానంగా రెండు రకాలు. నదికి దగ్గరగా ఉండి, తక్కువ లోతులోనే నీరు లభించే భూములను జరీబు భూములంటారు. వీటిలో అరటి, పసుపు, కూరగాయలు, పూలు వంటి పంటలు ఏడాది పొడుగునా పండేవి. నదికి దూరంగా ఉన్న నల్లరేగడి మెట్ట భూములలో పత్తి వంటి పంటలు వేసేవారు. నగర నిర్మాణం వలన కలిగే పర్యావరణ నష్టాలలో జరీబు భూముల నష్టం ప్రత్యేకమైనది. చెట్టు కొట్టివేసినచోట మరొక చెట్టు నాటవచ్చును గాని, నది ఒండ్రుతో ఏర్పడిన నేలను మరొకచోట తయారు చేయుటకు వీలు లేదు. పెనుమాక, ఉండవల్లి వంటి గ్రామాలలో అనేకమంది రైతులు తమ భూములను ఇచ్చుటకు నిరాకరించడానికి ఇది ఒక కారణం.

నీరు, వరద

కొండవీడు కొండలలో పుట్టిన కొండవీటి వాగు రాజధాని ప్రాంతం మీదుగా ప్రవహించి, ఉండవల్లి వద్ద ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణా నదిలో కలుస్తుంది. కృష్ణలో నీటిమట్టం ఎక్కువగా ఉన్నప్పుడు వాగు నీరు నదిలోకి దిగలేక వెనుకకు ఎగదన్ని, పల్లపు పొలాలను ముంచుతుంది. అందువలన ఇక్కడ నగరానికి వచ్చే ముంపు ప్రమాదం నది పొంగడం వలన మాత్రమే కాక, నగరంలోని వాన నీరు బయటకు పోలేకపోవడం వలన కూడా కలుగుతుంది. వాగు నీటిని నదిలోకి తోడిపోయుటకు ఉండవల్లి వద్ద 5,000 క్యూసెక్కుల సామర్థ్యం గల ఎత్తిపోతల పథకాన్ని 2018 సెప్టెంబరులో ప్రారంభించారు. కొండవీటి వాగు, పాల వాగులను వెడల్పు చేయడం, నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరు వద్ద జలాశయాలు నిర్మించడం కూడా ప్రణాళికలో భాగం.

2024 సెప్టెంబరు తొలి రోజులలో ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించినది. ఇది 2009 అక్టోబరు వరదను కూడా మించినది. ఆ సమయంలో విజయవాడ నగరం మునుగుటకు ప్రధాన కారణం నదికి ఎడమ వైపున ఉన్న బుడమేరు. ఒక వాగును నిర్లక్ష్యం చేస్తే నగరానికి ఏమి జరుగుతుందో ఈ ముంపు తెలియజేసినది.

సామాజిక ప్రభావాలు

భూసేకరణకు బదులుగా రాష్ట్ర ప్రభుత్వం 2015 జనవరిలో భూసమీకరణ పద్ధతిని చేపట్టినది. సుమారు 28 వేల మంది రైతులు దాదాపు 34 వేల ఎకరాలు ఇచ్చారు. గ్రామాలను ఖాళీ చేయించకుండా, ఇళ్ళను యథాస్థానంలో ఉంచి నగరాన్ని నిర్మించాలని నిర్ణయించడం ఈ పద్ధతిలోని మేలు. ఒక ఎకరం పట్టా భూమికి నిర్ణయించిన ప్రతిఫలం ఇలా ఉన్నది:

* మెట్ట భూమి: 1,000 చదరపు గజాల నివాస స్థలం, 250 చదరపు గజాల వాణిజ్య స్థలం, ఏటా 30,000 రూపాయల కౌలు
* జరీబు భూమి: 1,000 చదరపు గజాల నివాస స్థలం, 450 చదరపు గజాల వాణిజ్య స్థలం, ఏటా 50,000 రూపాయల కౌలు

కౌలును పది సంవత్సరాల పాటు చెల్లిస్తూ, మెట్టకు ఏటా 3,000, జరీబుకు ఏటా 5,000 రూపాయల చొప్పున పెంచాలని నిర్ణయించారు. ఎక్కువగా దళితులు సాగు చేసుకొనే అసైన్డు భూములకు పట్టా భూములకంటే తక్కువ స్థలం నిర్ణయించడం విమర్శలకు దారితీసినది.

ఈ ప్రతిఫలమంతా భూమి యజమానికి చెందుతుంది. ఆ భూమిని దున్నిన కౌలు రైతుకు గాని, కలుపు తీసిన కూలీకి గాని అందులో వాటా లేదు. కౌలు ఒప్పందాలు ఎక్కువగా నోటిమాటపై నడుస్తాయి కనుక కౌలుదారు తన నష్టాన్ని కాగితంపై నిరూపించుకొనలేడు. భూమిలేని కుటుంబాలకు పది సంవత్సరాల పాటు నెలకు 2,500 రూపాయల పింఛను ప్రకటించారు. రైతుల కౌలు ఏటా పెరుగగా, ఈ పింఛను 2024లో 5,000 రూపాయలకు పెంచేవరకు అదే స్థాయిలో ఉన్నది. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం సామాజిక ప్రభావ మదింపులో భూమి లేకున్నా దానిపై ఆధారపడి జీవించేవారిని కూడా లెక్కించాలి. భూసమీకరణ స్వచ్ఛందమైనది కావడం చేత ఆ మదింపు దీనికి వర్తించలేదు.

అనుమతులు, పర్యవేక్షణ

రాష్ట్ర స్థాయి పర్యావరణ ప్రభావ మదింపు ప్రాధికార సంస్థ 2015 అక్టోబరులో అనుమతి మంజూరు చేసినది. దీనిపై దాఖలైన పిటిషన్లను విచారించిన జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 నవంబరు 17న అనుమతిని సమర్థిస్తూనే అదనపు షరతులు విధించినది. వరద మైదానంలో కట్టలు కట్టి నీటి సహజ ప్రవాహాన్ని మార్చరాదన్నది వాటిలో ముఖ్యమైనది. షరతుల అమలును చూచుటకు కమిటీలను కూడా ఏర్పాటు చేయించినది.

కొందరు భూ యజమానులు 2017లో ప్రపంచ బ్యాంకు తనిఖీ విభాగానికి ఫిర్యాదు చేశారు. 2019 జూలైలో భారత ప్రభుత్వం రుణ ప్రతిపాదనను ఉపసంహరించుకొన్నది. తిరిగి 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఆసియా అభివృద్ధి బ్యాంకు 78.88 కోట్ల డాలర్ల రుణాలు ఆమోదించినవి.

నిర్మాణం నిలిచిపోవడం వలన కలిగిన ప్రభావం

ప్రభావాల నివేదికలు సాధారణంగా నగరం పూర్తవుతుందనే భావనతో తయారవుతాయి. మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో వాటిలో కనిపించదు. 2019లో ప్రభుత్వం మారిన తరువాత పనులు నిలిచిపోయినవి. ఆ ఏడాది డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన రాగానే రైతులు ఆందోళన ప్రారంభించారు. పొలం పోయి, స్థలం అభివృద్ధి కాక, రెండింటి నడుమ వారు మిగిలారు. పనులు లేక కూలీల ఉపాధి కూడా దెబ్బతిన్నది. సాగులేని భూములలో సర్కారు తుమ్మ దట్టంగా పెరిగినది. సచివాలయ భవనాల పునాదులు నీటిలో ఉండిపోయినవి.

2022 మార్చి 3న హైకోర్టు రాజధానిని అక్కడే అభివృద్ధి చేయాలని, రైతులకు స్థలాలు అప్పగించాలని తీర్పునిచ్చినది. అందులోని గడువులపై అదే సంవత్సరం నవంబరులో సుప్రీం కోర్టు స్టే విధించినది. 2024లో తిరిగి ప్రభుత్వం మారిన తరువాత తుమ్మ పొదలను తొలగించి, పునాదుల పటిష్ఠతను ఐ.ఐ.టి. నిపుణులచే పరీక్షింపజేశారు. 2025 మే 2న ప్రధానమంత్రి పనులను పునఃప్రారంభించారు.

ఇతర నగరాల అనుభవం

చండీగఢ్‌లో 1958లో నిర్మించిన సుఖ్నా సరస్సు, ఎగువ కొండల నుండి కొట్టుకువచ్చిన ఒండ్రుతో పూడిపోసాగినది. కొండలపై అడవి పెంచి, చెక్‌డ్యాములు కట్టిన తరువాతనే పూడిక తగ్గినది. నగర జలాశయాలను కాపాడుటకు నగర సరిహద్దు వెలుపలి పరీవాహక ప్రాంతాన్ని కూడా కాపాడవలెనని దీనివలన తెలుస్తున్నది. బ్రెజిల్ రాజధాని బ్రసీలియాను నిర్మించిన కార్మికులకు ప్రధాన నగరంలో చోటు లేకపోగా, రాజధాని ప్రారంభానికి ముందే 1958లో టగ్వాటింగా అనే ఉపనగరం వెలసినది. అమరావతికి వలస వచ్చే నిర్మాణ కార్మికుల నివాసం, ఆ గ్రామాలలోని కూలీల భవిష్యత్తు విషయంలో ఈ అనుభవం గమనించదగినది.

ఇవి కూడా చూడండి

* కృష్ణా నది
* ప్రకాశం బ్యారేజి
* బుడమేరు
* చండీగఢ్