బొమ్మల కథలూ, మన ఊరి గ్రంథాలయమూ

నూజివీడు ప్రాంతంలో వేసవి సెలవులంటే మామిడి తోటలే. పెద్దవాళ్ళు కాయ కోతలో ఉంటే పిల్లలు చెట్ల నీడన చేరి చిన్నరసాలు జుర్రుకుంటూ పొద్దుపుచ్చేవారు. మా చిన్నతనంలో, అంటే 1970 ప్రాంతంలో, ఆ నీడన మరొకటి కూడా ఉండేది: చేతులు మారి మారి అట్ట ఊడిపోయిన "చందమామ". మొన్న వేసవిలో అదే దారిన వెళ్తూ చూశాము. నీడ ఉంది, పిల్లలున్నారు. ప్రతి చేతిలో సెల్‌ఫోను ఉంది. ప్రియ పాఠకులారా, ఆ విషయం గూర్చే ఈ నెల మీతో ముచ్చటించాలనుకుంటున్నాము.

కెనడా దేశంలోని టొరంటోలో 2003లో బొమ్మల కథల ఉత్సవం ఒకటి మొదలైంది. 2009 నుండి చాలా ఏళ్ళు అది ఆ నగరపు పెద్ద ప్రజా గ్రంథాలయంలోనే జరిగింది. ప్రవేశానికి రుసుము లేదు. బొమ్మలు గీసేవారు, కథలు రాసేవారు, చదివే పిల్లలు ఒకచోట కలుసుకునేవారు. మన దేశంలో కామిక్ కాన్ అనే ఉత్సవం 2011లో ఢిల్లీలోనూ, 2013లో హైదరాబాదులోనూ మొదలైంది. దానికి టిక్కెట్టు కొనాలి. యువతీ యువకులు తమకిష్టమైన కథానాయకుల వేషాలు వేసుకుని వస్తారు.

వేషాలనగానే మనలో కొందరు తల్లిదండ్రులకు కలవరం కలుగుతుంది. ఆ కలవరాన్ని మేము తేలికగా తీసివేయము, ఎందుకంటే మా ఇంట్లోనే దాన్ని చూశాము. మా నాన్నగారు సంఘ పెద్ద. బేతాళ కథలున్న పుస్తకం విశ్వాసి ఇంట ఉండరాదని రెండు చందమామలను పొయ్యిలో పెట్టారు. మేము ఏడ్చాము. అప్పుడు రెండో తరగతితో చదువు ఆగిపోయిన మా అమ్మగారు ఒక ఉపాయం చెప్పారు. "గ్రంథాలయం నుండి పాత సంచికలు తెచ్చుకోండి. అవి తిరిగి ఇవ్వాల్సినవి, మీ నాన్న వాటి జోలికి రారు" అన్నారు. అలాగే జరిగింది.

సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చుని అమ్మ బొమ్మలు చూసేది. "దీని కింద ఏం రాశారురా?" అని అడిగేది. మేము వేలు పెట్టి చదివేవాళ్ళం. బొమ్మ కథ చెప్పేది, అక్షరం దాని వెనుక నడిచేది. రెండేళ్ళ తరువాత ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో సువార్త భాగాన్ని అమ్మే తడుముకుంటూ చదివింది. నాన్నగారు ఏమీ అనలేదు. మరుసటి నెల మాత్రం "ఈ నెల పుస్తకం రాలేదా?" అని ఆయనే అడిగారు.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన చందమామ 2013 నాటికి ఆగిపోయింది. చిత్రా, వపా, శంకర్ గార్ల బొమ్మలు, బుజ్జాయి గారి "డుంబు" చూసి పెరిగిన తరం మనది. 1967లో మొదలైన అమర చిత్ర కథలో యేసు ప్రభువు జీవితం కూడా బొమ్మలతో వచ్చింది. బొమ్మల కథ పరాయిది కాదు. సండే స్కూల్లో మనం పటాలు చూపించి కథ చెప్పేదీ అందుకే. క్రిస్మస్ నాటకంలో మన బిడ్డ గొర్రెల కాపరి వేషం వేస్తే సంతోషిస్తాము కదా! వేషం వేయడంలోనే తప్పు లేదు. బిడ్డ ఎవరిని మెచ్చుకుంటున్నాడో, ఎందుకు మెచ్చుకుంటున్నాడో తల్లిదండ్రులు పక్కన కూర్చుని అడగకపోవడమే తప్పు.

గ్రంథాలయాలు కూడా మనకు ఊరికే రాలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని కోసం జీవితమంతా పాటుపడ్డారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకాలు పంపి పల్లెలకు అందించారు. 1960లో గ్రంథాలయ చట్టం వచ్చింది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా చేరుతోంది. పన్ను కడుతూ ఆ గుమ్మం తొక్కకపోతే నష్టం ఎవరికి?

ఏటా నవంబరు 14 నుండి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో ఒక రోజు బొమ్మల కథల కోసం కేటాయించమని మీ ఊరి గ్రంథాలయాధికారిని అడగండి. డబ్బు పెద్దగా అక్కరలేదు. అటక మీది పాత చందమామలు, బాలమిత్రలు దులిపి ఒక బల్ల మీద పేర్చండి. తోట కాపలా, కాయ కోత, బండ్ల మీద మార్కెట్టుకు ప్రయాణం, ఇవన్నీ పిల్లలచేత నాలుగైదు గళ్ళలో బొమ్మల కథగా గీయించండి. అవ్వలనూ తాతలనూ తీసుకువెళ్ళండి. చదవడం రానివారిని ముందు వరుసలో కూర్చోబెట్టండి.

మా అమ్మగారి వంటివారు ఇంకా మన సంఘాలలో ఉన్నారు. వారి ముందు ఒక బొమ్మల పుస్తకం తెరిచి, వేలు పెట్టి చదివే బిడ్డ మీ ఇంట ఉన్నాడేమో చూడండి.