సన్నబడే మాత్ర, మార్పిడి కిడ్నీ

మీకు తెలుసా? బరువు తగ్గడానికి వేసుకునే ఒకే మాత్ర, కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఒకరి రక్తంలో రక్షణ మందును పడగొట్టగలదు, మరొకరిలో ప్రమాదకరంగా పెంచగలదు.

ఆ మాత్ర ఓర్లిస్టాట్. కొవ్వును అరిగించే ఎంజైమును అది పేగులోనే అడ్డుకుంటుంది. తిన్న కొవ్వులో దాదాపు 30 శాతం మలంలో పోతుంది. మార్పిడి కిడ్నీని కాపాడే మందుల్లో ఒకటైన సైక్లోస్పోరిన్ కొవ్వులో కరుగుతుంది కాబట్టి, ఓర్లిస్టాట్ వాడితే అది కూడా ఒంటికి సరిగా పట్టదు. రక్తంలో దాని స్థాయి పడిపోతే, పెట్టిన కిడ్నీని శరీరం పరాయిదిగా చూసి దాడికి దిగుతుంది. అమెరికాలో డాక్టరు చీటీ లేకుండా అమ్మే ఓర్లిస్టాట్ డబ్బా మీద, అవయవ మార్పిడి జరిగినవాళ్లు వాడొద్దని అచ్చువేసి మరీ అమ్ముతారు.

అలాంటిదే మరో రక్షణ మందు టాక్రోలిమస్ సంగతి వేరు. ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఇదే. మింగిన మందులో చాలా భాగాన్ని పేగు గోడే విరగ్గొడుతుంది, వెనక్కి నెట్టేస్తుంది. ఓర్లిస్టాట్ వల్ల విరేచనాలు పట్టుకుంటే ఆ అడ్డు బలహీనపడి, మందు ఎక్కువగా రక్తంలో కలుస్తుంది. చేతులు వణుకుతాయి, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరుగుతుంది. మోషన్లలో మందు పోయిందేమోనని ఇంకో మాత్ర వేసుకోవడం చాలా ప్రమాదం.

ఇంకొకటి. అరగని కొవ్వు పేగులో కాల్షియాన్ని పట్టుకుంటుంది. కాల్షియంతో కలిసి బయటికి పోవాల్సిన ఆక్సలేటు రక్తంలోకి చేరి కిడ్నీలో పేరుకోవచ్చు. పల్లీల్లో, పాలకూరలో ఆక్సలేటు ఎక్కువ. వేరుశనగ పండే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఇళ్లలో పల్లీ లేని వంట ఎక్కడుంది?

మార్పిడి తర్వాత బరువు పెరగడం తిండియావ వల్ల కాదు. స్టెరాయిడ్ మాత్రలు ఆకలిని పెంచుతాయి. డయాలసిస్ నాటి పథ్యం కూడా సడలుతుంది. తగ్గాలనుకోవడం న్యాయమే. బరువు తగ్గించే సూదులు కూడా ఉన్నాయి: 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఈ సూదులకు టాక్రోలిమస్‌తో నేరుగా పెద్ద తగాదా లేదు. కానీ కడుపు ఖాళీ కావడాన్ని నెమ్మదింపజేస్తాయి. మొదట్లోనూ, మోతాదు పెంచినప్పుడల్లా వాంతులు, విరేచనాలు రావచ్చు. ఒంట్లో నీరు తగ్గితే ముందు దెబ్బతినేది ఆ ఒక్క కిడ్నీయే. సన్నబడతామని పంపరపనస తినడం కూడా వద్దు, అది టాక్రోలిమస్‌ను పెంచుతుంది.

గద్వాలలో రైలెక్కి కాచిగూడలో దిగి నిమ్స్ ఆసుపత్రికో ఉస్మానియా ఆసుపత్రికో వెళ్లే మనిషి, ఊళ్లో కొన్న సన్నబడే మందు పేరు అక్కడ చెప్పకపోతే డాక్టరుకు తెలిసే దారే లేదు. అట్ట చేతిలో పట్టుకెళ్లి చూపించాలి. టాక్రోలిమస్ లెవెల్ పరీక్షకు ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి, లేకపోతే అంకె తప్పుగా ఎక్కువ చూపిస్తుంది. ఆ పరీక్ష బరువు మందు మొదలుపెట్టినప్పుడే కాదు, మోతాదు పెంచినప్పుడూ, మానేసినప్పుడూ కావాలి.