వెండి రూపాయలు దాచుకుందామా?

మీ పూజగదిలో పాత వెండి రూపాయలున్నాయా? మా అత్తగారిచ్చిన విక్టోరియా రూపాయిని నేను చింతపండు పెట్టి తళతళా తోమేశాను. నాణేలు కొనే ఆయన చూసి, "తోమకుండా ఉంటే ఎక్కువ పలికేదమ్మా" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది!

కొత్తగా సేకరించేవారు ముందు సంవత్సరం చూడండి. 1862 నుంచి 1939 దాకా వేసిన రూపాయి తులం బరువు, అంటే 11.66 గ్రాములు. అందులో నూటికి సుమారు 92 పాళ్లు వెండే. 1940-45 మధ్య వేసినవాటిలో సగమే వెండి. 1946, 47 సంవత్సరాలవి నికెల్ రూపాయలు, అయస్కాంతానికి అంటుకుంటాయి. వెండివి అంటుకోవు.

నాణేన్ని అంచులు పట్టుకునే తీయండి. ఒక్కొక్కటీ విడిగా కాగితంలో చుట్టి, ఎవరిచ్చారో రాసిపెట్టండి. నల్లబడినా తోమకండి. పట్టీల కోసం కరిగించేముందు ఒక్కసారి సంవత్సరం చూడండి, సరేనా!