మీకు తెలుసా? వీసా వచ్చాక అసలు పని వీధి వెతకడమే!

వీసా వచ్చేసింది. చిల్కూరు బాలాజీకి మొక్కుకున్న 108 ప్రదక్షిణలూ అయిపోయాయి. మరి అక్కడ ఎక్కడుంటారు? "ఆఫీసుకు దగ్గర్లో" అంటారా? ఆగండాగండి! చిన్నపిల్లలున్న ఇంటికి ఆ జవాబు సరిపోదు. ఎందుకో ఒక్కొక్కటీ చెప్తా వినండి!

మన హైదరాబాద్ హయత్‌నగర్‌లో ఇల్లు వెతకడం ఎంత సులువు! గేటుకు టులెట్ బోర్డు కనిపిస్తే చాలు. కృష్ణా నీళ్లొస్తాయా, బోరేనా? కరెంటు మీటరు వేరేనా? అడ్వాన్సు ఇచ్చేశాం, అయిపోయింది! బడి సంగతా? స్కూలు బస్సు గల్లీలోకే వస్తుంది కదా! అమెరికాలో అలా కుదరదు. సర్కారు బడిలో సీటు ఇంటి చిరునామాను బట్టే! సిఫారసు నడవదు. డొనేషన్ అసలే నడవదు. కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా 13 ఏళ్లు ఫీజు మాత్రం ఉండదు! అంటే ఆ ఫీజు మీరు ఇంటి అద్దెలో కడుతున్నట్టే. మంచి బడి ఉన్న వీధిలో అద్దె ఎందుకు మండిపోతుందో ఇప్పుడు తెలిసిందా?

ఇంకో గమ్మత్తు! డాలస్ పక్కన ఫ్రిస్కో ఉంది కదా. హయత్‌నగర్‌లో ఏ గల్లీలో అడిగినా "మా వాడు అక్కడే" అనేవాళ్లు దొరుకుతారు. ఊరు ఒక్కటే. స్కూలు డిస్ట్రిక్టులు మాత్రం 4! ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్, లూయిస్‌విల్. కవరు మీద ఫ్రిస్కో అని రాసి ఉంటుంది. పిల్లాడు మాత్రం ప్రాస్పర్ వాళ్ల బడికి వెళ్తుంటాడు! కాబట్టి "ఫ్రిస్కోలో ఇల్లు దొరికింది" అని ఎవరైనా సంబరపడితే వెంటనే అడగండి, ఏ డిస్ట్రిక్టు అని. సంతకం పెట్టకముందే ఆ డోర్ నంబరు డిస్ట్రిక్టు వెబ్‌సైటులో కొట్టి చూసుకోమనండి!

ఇది మాత్రం కాస్త నెమ్మదిగా చదవండి! 2022 సెప్టెంబర్ 2న పుట్టిన పాప ఉందనుకుందాం. టొరంటో వెళ్తే ఆ పాపకు 2026 సెప్టెంబర్‌లోనే జూనియర్ కిండర్‌గార్టెన్. సర్కారు బడి, రోజంతా, ఫీజు లేదు! ఇంగ్లండ్ వెళ్తే 2027 సెప్టెంబర్‌లో రిసెప్షన్ క్లాసు. మరి టెక్సాస్ వెళ్తే? అక్కడ కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబర్ 1 నాటికి అయిదు నిండాలి. మన పాపకు ఒక్క రోజు తక్కువైంది! 2028 ఆగస్టు దాకా ఆగాల్సిందే. అదే పాప, అదే పుట్టినరోజు, తేడా దాదాపు 2 ఏళ్లు! ఆ రెండేళ్లూ డేకేర్ బిల్లు ఎవరు కట్టాలి? మీరే! అల్లుడి జీతం ఎంతని అడగని చుట్టం ఉండడు. ఈ లెక్క అడిగేవాళ్లే లేరు. నన్నడిగితే ఆఫర్ లెటర్ పక్కన పిల్లల బర్త్ సర్టిఫికెట్ పెట్టుకునే దేశం ఎంచుకోవాలి!

అలాగని టెక్సాస్‌ను కొట్టిపారేయకండి! అక్కడో రహస్యం ఉంది. ఇంగ్లిష్ మాట్లాడడం, అర్థం చేసుకోవడం రాని 4 ఏళ్ల పిల్లలకు సర్కారు ప్రీ-కిండర్‌గార్టెన్ ఉచితం! అవును, మీరు చదివింది నిజమే. ఇంట్లో అచ్చంగా తెలుగే మాట్లాడే పిల్లకు ఆ తెలుగే అర్హత కావచ్చు! మనమేమో వీసా రాకముందే ప్లేస్కూల్లో వేసి ఇంగ్లిష్ రైమ్స్ బట్టీ పట్టిస్తుంటాం.

న్యూజెర్సీ వెళ్తున్నారా? అయితే టేపు పట్టుకెళ్లండి! ఎలిమెంటరీ పిల్లల ఇంటికీ బడికీ మధ్య 2 మైళ్లు దాటితే ఉచిత బస్సు ఇవ్వాలన్నది అక్కడి చట్టం. దాటకపోతే? డిస్ట్రిక్టు దయతలచి బస్సు పంపితే సరే. లేదంటే మంచులో చెయ్యి పట్టుకుని నడిపించడమే, లేదా కారు తీయడమే! బడికి దగ్గర ఇల్లు దొరికిందని మురిసిపోయేముందు ఎంత దగ్గరో చూసుకోండి!

అపార్ట్‌మెంట్‌లో ఎంతమంది ఉండాలో కూడా లెక్కే! అమెరికాలో చాలాచోట్ల వాడుక బెడ్రూముకు ఇద్దరు మనుషులు. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు. పురుడుకని అమ్మ, అత్తమ్మ వంతులవారీగా దిగుతారు. ఆరేసి నెలలు! చాలా లీజుల్లో అతిథులు ఎన్ని రోజులుండొచ్చో కూడా రాసిపెడతారు. హాల్లో పరుపు వేసేస్తే సరిపోతుందిలే అనుకునే మన అలవాటు అక్కడ లీజు దగ్గర ఆగిపోతుంది. ముందే అడగండి, మొహమాటపడకండి!

తెలుగువాళ్లు లేని చోట ఎలా ఉంటాం అని దిగులా? అమెరికా జనగణన లెక్కలు చూస్తే మీరే నోరెళ్లబెడతారు. 2010 నుంచి 2017 మధ్య అక్కడి పెద్ద భాషల్లో అన్నిటికంటే వేగంగా పెరిగింది మన తెలుగే. 86 శాతం! అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే తలుపు తట్టడానికి పక్క బ్లాకులో ఒక వదినో అక్కో ఉండటం చిన్న విషయం కాదు!

పిల్లలకు తెలుగు రాకుండా పోతుందని బెంగా? సిలికానాంధ్ర మనబడి 2007లోనే మొదలైంది! వారాంతంలో క్లాసులు. పలకా బలపం బదులు ల్యాప్‌టాప్, అంతే తేడా. అసలు విశేషం ఏమిటంటే, ఆ పిల్లలకు పరీక్షలు పెట్టింది మన హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయం! ఇక్కడ ఇంగ్లిష్ మీడియంలో చదివే మన పిల్లలకు ఆ పరీక్ష పెడితే ఎంతమంది గట్టెక్కుతారో!

ఇక లండన్ సంగతి! నిరుడు కట్టిన కొత్త ఇంట్లో దిగారు. ఇంటికి కౌన్సిల్ ట్యాక్స్ వేయాలి. ఏ ధర చూసి వేస్తారు? ఇప్పటిది కాదు. 1991 ఏప్రిల్ 1 నాటిది! అప్పటికి ఆ ఇంటికి పునాది కూడా పడలేదు. అయినా అప్పుడు ఉండి ఉంటే ఎంత పలికేదో లెక్కగట్టి పన్ను స్లాబు తేలుస్తారు! ఈ పన్ను చాలావరకు అద్దెకున్నవాళ్ల నెత్తినే పడుతుంది. అద్దె ఎంతని అడిగి ఊరుకోకండి, బ్యాండు ఏదని కూడా అడగండి.

ఇంగ్లండ్‌లో చిన్న తరగతులకు ఇంకో పట్టింపు. ఒక టీచరు ముందు 30 మందికి మించి పిల్లలు ఉండకూడదు. ఇది చట్టం! సీట్లు తక్కువై పేర్లు ఎక్కువైతే చాలా కౌన్సిళ్లు చివరికి దూరం కొలుస్తాయి. ఎవరి గుమ్మం బడికి దగ్గరైతే వాళ్లకే సీటు! పక్కింటి పిల్లకు వచ్చి మీ పిల్లకు రాకపోవచ్చు!

బడి సరే, వెలుతురు సంగతి ఆలోచించారా? డిసెంబర్ 21 ప్రాంతంలో ఎడిన్‌బరోలో పగలు 7 గంటలు కూడా ఉండదు! బడి వదిలి పిల్లలు ఇల్లు చేరేసరికి పొద్దు వాలిపోతుంది. మన హయత్‌నగర్ పిల్లలు అదే రోజున, మన గడియారంలో అదే సమయానికి, ఎండలో క్రికెట్ ఆడుతుంటారు. దక్షిణం వైపు కిటికీ ఉన్న ఇల్లు దొరికితే వాస్తు చూడకుండా తీసేసుకోండి!

జర్మనీ వెళ్లేవాళ్లు కుర్చీ గట్టిగా పట్టుకోండి! అక్కడ ఇల్లు ఇస్తారు, వంటగది ఇవ్వరు! తలుపు తీస్తే ఖాళీ గది. గోడలోంచి పొడుచుకొచ్చిన నీళ్ల పైపు, మూలన స్టవ్‌కు ఒక కరెంటు పాయింటు. సింకు లేదు. గట్టు లేదు. అలమారాలు లేవు. పాత కిరాయిదారులు తమ వంటగదిని విప్పుకుని లారీలో వేసుకుపోయారు మరి! అన్ని ఇళ్లూ ఇలా ఉండవు కానీ చాలా ఉంటాయి. ప్రకటనలో "ఈబీకే" అనే 3 అక్షరాలు వెతకండి. అవి ఉంటే వంటగది ఉన్నట్టు. లేకపోతే మొదటి నెల పప్పుచారు మీద ఆశ వదులుకోండి!

గదుల లెక్కా అంతే! జర్మనీలో 3 గదుల ఇల్లంటే మూడు బెడ్రూములనుకుని ఎగిరి గంతేయకండి. హాలు కూడా అందులో ఒక గదే! మన భాషలో అది డబుల్ బెడ్రూమే.

కానీ జర్మనీని తిట్టలేం! పిల్లల గోల గోలే కాదని చట్టం చేసిన దేశమది! డేకేర్లు, ఆటస్థలాల్లో పిల్లల అరుపులను సాధారణంగా హానికరమైన శబ్దంగా లెక్కించకూడదని 2011లో చట్టంలోనే రాసేశారు. రాత్రి పదింటి తర్వాత పెద్దల గొంతు లేస్తే ఊరుకోని దేశం, పార్కులో పిల్లల గొంతుకు మాత్రం అడ్డు చెప్పదు!

న్యూజిలాండ్‌లో పుట్టినరోజు కేకు, బడి సంచీ ఒకేసారి! 5 నిండిన రోజునే చాలామంది పిల్లలు బడిలో అడుగుపెడతారు. జూన్ లేదు, సెప్టెంబర్ లేదు. సంవత్సరం మధ్యలో ఎప్పుడైనా సరే! మీరు ఏ నెలలో విమానం దిగినా పిల్లకు ఏడాది వృథా కాదన్నమాట.

సింగపూర్ తీరే వేరు! సర్కారు కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్ల బ్లాకుల్లో విదేశీయులకు కోటా ఉంది. మలేషియా వాళ్లను మినహాయిస్తే, ఒక బ్లాకులో 11 శాతం ఇళ్లు విదేశీయులకు నిండాయంటే అంతే! ఇక కొత్త విదేశీ కుటుంబానికి పూర్తి ఇల్లు అద్దెకివ్వడం కుదరదు. ఓనరు సరేనన్నా, డబ్బు సిద్ధంగా ఉన్నా కుదరదు! ఇల్లు నచ్చిందా అన్నది రెండో ప్రశ్న. కోటా మిగిలిందా అన్నదే మొదటిది.

అక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం దొరుకుతుంది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ, ఈ 5 కూడా దొరుకుతాయి. తెలుగు? లేదు! ఇంట్లో నేర్పుకోవాల్సిందే!

దుబాయ్‌లో కరెంటు బిల్లు చూసి కళ్లు తిరిగాయా? ఏసీ ఒక్కటే కారణం కాదు! ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు. దాన్ని పన్నెండు ముక్కలు చేసి నెలనెలా కరెంటు, నీళ్ల బిల్లులోనే కలిపేస్తారు! అద్దె పెరిగితే కరెంటు బిల్లూ పెరుగుతుంది. ఫ్యాన్ కూడా వేయకపోయినా!

ఆస్ట్రేలియాలో ఇంకా విచిత్రం! పర్త్ అంత నగరం కూడా వీసా లెక్కల్లో "రీజినల్". అడిలైడ్ కూడా! రాజధాని కాన్‌బెర్రా కూడా! రీజినల్ కానివి 3 నగరాలే. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్. రీజినల్ వీసా మీద వెళ్లేవాళ్లు పల్లెటూళ్లో ఉండాలేమోనని భయపడక్కర్లేదు. సముద్రం ఒడ్డున, మహానగరంలోనే ఉండొచ్చు!

ఇల్లు కుదిరింది. బడి గుమ్మం దాకా వచ్చారు. అక్కడ ఆపేసేది ఏమిటో తెలుసా? టీకా కార్డు! టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌కు చికెన్‌పాక్స్ టీకా 2 డోసులు పడి ఉండాలి. మన సర్కారు ఉచితంగా వేసే జాతీయ టీకాల జాబితాలో ఆ టీకాయే లేదు! మరి ఎవరు చెప్తారు? పిల్లల డాక్టరును మీరే అడగాలి. డోసుకూ డోసుకూ మధ్య వ్యవధి ఉంటుంది కాబట్టి టికెట్ బుక్ చేసిన వారమే అడగండి. పడిన ప్రతి టీకాకూ తేదీ, డాక్టరు సంతకం, స్టాంపు ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ కార్డును మాత్రం చెక్-ఇన్ సూట్‌కేసులో పచ్చళ్ల పక్కన పెట్టకండి. చేతి సంచిలోనే ఉంచుకోండి!