వరద తీసిన బండలమీద పూలు

నాచు పూయదని మన విద్యార్థులందరికీ తెలుసును. కాని ఏటి బండలకు అంటుకొని, చూపరులకు నాచువలెనే కనిపిస్తూ, వరద తీయగానే పూలు పూసే మొక్కల కుటుంబమొకటి ఉన్నది. వృక్షశాస్త్రజ్ఞులు దానిని పోడోస్టెమేసీ అంటారు. ప్రపంచంలో, ముఖ్యంగా ఉష్ణమండలంలో, సుమారు 300 జాతులున్నవి. మన దేశంలో పడమటి కనుమల ఏళ్ళు వీటికి పుట్టిళ్ళు. ఆ కనుమలనుండి దిగివచ్చిన కృష్ణా తుంగభద్రలే గద్వాల, ఆలంపురం ప్రాంతాల బండలను ఒరసికొని పారుతున్నవి గనుక, పాలమూరు, నల్లగొండ ఉపాధ్యాయులు వీటిని గూర్చి తెలిసికొనుట ఉచితమని నా అభిప్రాయం.

వేరు మన్నులోనికి దిగి, వెలుతురుకు దూరంగా ఉంటుందని గదా పాఠాలలో చెబుతాము! వీటిలో పెక్కింటికి వేరే దేహం. అది ఆకుపచ్చగా, నాడాపట్టీవలె గాని పొక్కువలె గాని బండమీద పరచుకొని, ఆకు చేయవలసిన పనిని తానే చేస్తుంది. సూక్ష్మజీవులు రాతిమీద కట్టిన జిగురుపొరను సన్నని కేశాలతో పట్టుకొంటుంది. మనిషి కాలూనలేని వడిలో ఇది నిలుస్తుంది.

నీరు తగ్గి బండ బయటపడినప్పుడు, అంతవరకు అడుగున దాగిన మొగ్గలు విచ్చుకొంటవి. పూలు అతి చిన్నవి. భూతద్దం లేనిదే వాటి అందం తెలియదు. పిమ్మట మొక్క ఎండి బండకు కరుచుకొని పోతుంది. కాయ పగిలి ధూళివంటి గింజలు రాలుతవి. తడి తగలగానే గింజ పైపొర జిగటయై, ఆరగానే రాతికి అతుక్కొంటుంది. ఇక మరల వానకాలం దాకా నిరీక్షణ. ఇంకొక వింత యేమనగా, పూలమొక్కలకు సహజమైన ద్విఫలదీకరణం వీటిలో జరుగదు; గింజలో అంకురచ్ఛదం ఏర్పడదు. తల్లి చద్దిమూట కట్టకుండానే ప్రయాణమైన బిడ్డ అన్నమాట.

సింహళంలోని పేరాదెణియ వృక్షోద్యానానికి అధిపతిగా ఉండిన విల్లిస్, సింహళ భారత జాతులను పరిశీలించి 1902లో గ్రంథం ప్రకటించినాడు. ఉన్నది ఒకే బండ, ఒకే వడి, ఇన్ని రూపాలెందుకు? ప్రకృతివరణం ఇందుకు చాలదని ఆయన వాదం. ఆ వాదం నిలువలేదు గాని ప్రశ్న మాత్రం నేటికీ రుచిగానే ఉన్నది. తరువాత జన్యువులను పోల్చి చూడగా ఈ మొక్కలకు చుట్టాలెవరో తేలింది: నాగకేసరం, పొన్న! పాచివంటి దీనికి, ఆ మహావృక్షాలకు బంధుత్వమని ఎవరూహిస్తారు?

ఈ కుటుంబంలో పెక్కు జాతులు ఒక్క ఏటికో, ఒక్క జలపాతానికో పరిమితం. వాటి పంచాంగం నది పొంగు, నది తగ్గు. 1955లో శంకుస్థాపన జరిగి 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరం నల్లగొండ పొలాలను తడిపింది. ఆ మేలును కాదనుట కృతఘ్నత. అయినను జలాశయమున్నచోట పరవడి ఆగిపోయి, బండ లోతు నీటిలో మునిగియుంటుంది. అక్కడ ఇట్టి మొక్కకు పూచే ఋతువే లేదు. ఆనకట్ట దిగువన అకాలంలో వదలిన నీరు విచ్చిన పూలనే ముంచగలదు.

కనుక ఏటేటా మునిగి తేలే బండలు మన జిల్లాలలో ఎక్కడెక్కడ మిగిలినవో వ్రాసిపెట్టుట బడులు చేయదగిన పని. కార్తిక మార్గశిరాలలో నీరు తీసిన తరువాత భూతద్దంతో వెళ్ళవలెను. పాచి అనుకొన్నదానిలో కాడ, కాయ కనిపిస్తే ఛాయాచిత్రం తీసి, తేదీ, స్థలం గుర్తించి, ఉస్మానియా విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర శాఖవారికి చూపవచ్చును. ఆనకట్టల దిగువన మాత్రం నీరు వదిలే వేళలు ముందుగా కనుగొని మరీ దిగండి. తడిబండ జారుతుంది, పిల్లలను ముందు నడువనీయవద్దు.