కానుక స్వెటర్‌కు కొలతే కీలకం

ఆదిలాబాద్: చలికాలంలో క్రిస్మస్, సంక్రాంతి కానుకగా ఆత్మీయులకు స్వెటర్ అల్లదలచినవారు నమూనా ముక్క అల్లకుండా పని ప్రారంభిస్తే నెల రోజుల శ్రమ వృథా కాగలదు. 4 అంగుళాలకు 20 కుట్ల లెక్కన 200 కుట్లు వేస్తే ఛాతీ చుట్టుకొలత 40 అంగుళాలు వస్తుంది. చేతి బిగువు వల్ల అదే 4 అంగుళాలలో 22 కుట్లు పడితే చుట్టుకొలత సుమారు 36 అంగుళాలకే పరిమితమవుతుంది. తండ్రికని అల్లినది కుమారునికి సరిపోతుంది. అందువల్ల తొలుత 6 అంగుళాల ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి, మధ్యభాగంలో కుట్లు లెక్కించాలి. ఎక్కువైతే లావు సూదులు, తక్కువైతే సన్న సూదులు వాడాలి. అసలు ఉన్నిని వేడినీటిలో రుద్దితే ముడుచుకుపోతుంది. ఉతికే విధానాన్ని చీటీపై రాసి కానుకతో జతచేయడం ఉత్తమం. వ్యవధి తక్కువైతే కొలతల బెడద లేని మఫ్లరే మేలు.